గ్రూపులో వీడియో పడిన గంటన్నరలో ఏం చేయాలి?

ప్రశ్న: మాది సైదాబాద్ వైపు ఒక పాత కాలనీ. మా గల్లీల్లో హిందువుల ఇళ్లు ఎక్కువ, వెనక బస్తీలో ముస్లింల ఇళ్లు ఎక్కువ. నేను కాలనీ సంఘం కార్యదర్శిని. పోయిన వినాయక చవితి రోజుల్లో ఒక రాత్రి 9:40కి మా వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పడింది. ‘వెనక బస్తీలో మన పిల్లాణ్ణి కొడుతున్నారు’ అని కింద రాశారు. పదకొండు దాటేసరికి ముప్పై మంది కుర్రాళ్లు కర్రలతో మూలమీద నిలబడ్డారు. పోలీసు బండి రావడంతో చెదిరిపోయారు. ఆ వీడియో మన రాష్ట్రానిదే కాదని తర్వాత తెలిసింది. అంతా క్షణాల్లో జరిగిపోయింది. మళ్లీ పండగ దగ్గరపడుతోంది. ‘వాళ్ల బండ్ల దగ్గర కూరలు కొనొద్దు’ అని గ్రూపులో మొదలుపెట్టారు. మా అక్క కొడుకు, పంతొమ్మిదేళ్లవాడు, ఇంజినీరింగ్ చదువుతున్నాడు, వాళ్లతోనే తిరుగుతున్నాడు. ‘ఆడదానివి, నీకెందుకు ఈ లొల్లి’ అంటున్నారు ఇంట్లో. నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు: ఉంది. అయితే ‘అంతా క్షణాల్లో జరిగిపోయింది’ అన్న మాట మాత్రం ఒప్పుకోలేం. మీరు రాసిన లెక్క ప్రకారమే వీడియో 9:40కి వచ్చింది, కుర్రాళ్లు మూలమీదికి చేరింది పదకొండు దాటాక. మధ్యలో గంటన్నర ఉంది. ఆ గంటన్నరలో ఎవరో వీడియో కింద ఆ వాక్యం రాశారు, ఎవరో ఫోన్లు చేసి పిలిచారు, ముప్పై మందికి కర్రలు ఎక్కడినుంచో వచ్చాయి. మతం పేరుతో జరిగే కొట్లాటలు చాలావరకు ఇలాగే ఉంటాయి. కోపం అందరిదీ, ఏర్పాటు కొందరిది. ఏర్పాటు కావడానికి టైం పడుతుంది కాబట్టే ఆపడానికీ టైం దొరుకుతుంది. మీరు చేయగలిగిన పనంతా ఆ గంటన్నరలోనూ, పండగకు ముందు వారాల్లోనూ ఉంది.

ముందు వీడియో సంగతి. ఇది కొత్త ఎత్తు కాదు. 2013లో ముజఫర్‌నగర్ అల్లర్లకు ముందు తిప్పిన వీడియో 2010లో పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో ఇద్దరు అన్నదమ్ములను గుంపు కొట్టి చంపినది. దాన్నే పక్క ఊళ్లో మొన్న జరిగిందని చెప్పారు. 2012 ఆగస్టులో ఈశాన్య రాష్ట్రాల పిల్లలు బెంగళూరు, హైదరాబాద్ లాంటి నగరాలు వదిలి రైళ్లెక్కింది ఉత్త ఎస్సెమ్మెస్‌ల వల్ల. ప్రభుత్వం కొన్నాళ్లు రోజుకు ఐదుకు మించి ఎస్సెమ్మెస్‌లు పోకుండా కట్టడి పెట్టాల్సి వచ్చింది. 2018 మేలో మన చాంద్రాయణగుట్టలో పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లన్న పుకారుతో గుంపు ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపింది. అందులో మతం లేదు, కానీ యంత్రం అదే: దూరంగా ఎక్కడో తీసిన బొమ్మ, దగ్గరి ఊరి పేరు, ‘అందరికీ పంపండి’ అన్న ఆజ్ఞ.

వీడియో రాగానే ముందు మెసేజ్ పైన ఉన్న బాణం గుర్తు చూడండి. రెండు బాణాలుంటే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. పక్క గల్లీలో ఇప్పుడే జరుగుతున్న గొడవ అన్ని చేతులు తిరిగి మీ దగ్గరికి రాదు. తర్వాత శబ్దం ఆపి వీడియో చూడండి. ఏడుపులు, కేకలు వింటుంటే కళ్లు పనిచేయవు. దుకాణాల బోర్డులు ఏ భాషలో ఉన్నాయి? హైదరాబాద్ గల్లీలో తెలుగో ఉర్దూవో ఎక్కడో ఒకచోట కనపడాలి. ఒక్క హిందీ మాత్రమే ఉంటే అనుమానించండి. బండ్ల నంబర్ ప్లేట్లు చూడండి. మనవి పాతవైతే ఏపీ, 2014 తర్వాతవి టీఎస్, 2024 మార్చి నుంచి వచ్చినవి టీజీ. రోడ్డు తడిగా ఉందా, జనం స్వెట్టర్లు వేసుకున్నారా, నీడలు పగటివా? రాత్రి 9:40కి ‘ఇప్పుడే’ అంటూ వచ్చిన వీడియోలో ఎండ ఉంటే ఇక చర్చ అక్కర్లేదు. ఒక ఫ్రేమ్ ఆపి స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతికితే పాత వీడియోలు చాలావరకు నిమిషంలో బయటపడతాయి. పడకపోతే వీడియో కొత్తదనీ నిజమనీ అనుకోకండి, వెతికినచోట లేదని మాత్రమే.

వీటన్నిటికన్నా నికరమైన పద్ధతి ఒకటే. వెనక బస్తీలో మీకు తెలిసిన మనిషికి ఫోన్ చేసి అడగడం. ఆ నంబర్ మీ ఫోన్‌లో ఇప్పుడే ఉండాలి. ఆ రాత్రి మీ గ్రూపులో ఉన్నవాళ్లలో ఒక్కరి దగ్గరైనా ఉండి ఉంటే, రెండు నిమిషాల్లో తేలిపోయేది.

తేలాక గ్రూపులో ఏం రాయాలన్న దగ్గరే మంచివాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేస్తారు. ‘మనమంతా అన్నదమ్ములం, సామరస్యం ముఖ్యం’ అని రాస్తారు. చేతిలో కర్ర పట్టుకున్నవాడికి అది వెక్కిరింపులా వినపడుతుంది, పైగా ‘మనవాణ్ణి కొడుతుంటే నీతులా’ అని మీ మీదికే తిరుగుతుంది. మతం ఊసే ఎత్తకండి. ‘వీడియోలో బండి నంబర్ మహారాష్ట్రది. ఫలానా ఆయనతో 9:55కి మాట్లాడాను, బస్తీలో గొడవ లేదు. పోలీసులకు చెప్పాను’ అని మూడు ముక్కలు రాయండి. వివరం, టైం, మనిషి. ఆవేశంలో ఉన్న జనంలోనూ సగం మంది ఎవరో ఒకరు గట్టిగా చెప్తే బాగుండునని చూస్తుంటారు. వాళ్లకు ఇంటికి పోవడానికి ఒక కారణం దొరుకుతుంది.

మీరు గ్రూపు అడ్మిన్ కూడా అయితే ఇంకో వెసులుబాటు ఉంది. అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చొచ్చు, ఇతరుల మెసేజ్‌ను అందరి ఫోన్లలోంచి తీసేయొచ్చు. తీసేముందు ఆధారం దాచుకోండి. పంపినవాడి నంబర్, తేదీ, టైం కనపడేలా స్క్రీన్‌షాట్, వీడియో ఫైలు, ఎక్స్‌పోర్ట్ చేసిన చాట్, మూడూ ఉండాలి. చాలామంది తొందరలో తీసేసి, మర్నాడు స్టేషన్‌లో చూపించడానికి ఏమీ లేక నిలబడతారు. సభ్యుడు పెట్టిన ప్రతి పోస్టుకూ అడ్మిన్‌ను నేరస్థుణ్ణి చేయలేరని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. అలాగని చూసీ చూడనట్టు ఊరుకోవడం మంచి అలవాటు కాదు.

అసలు ఏదో జరిగిన సందర్భం వేరు. గుడి మెట్ల మీద మాంసం ముక్క, మసీదు గోడ మీద రంగు, చిరిగిన జెండా లాంటివి. 2025 ఫిబ్రవరిలో టప్పాచబుత్రలోని ఒక గుడిలో మాంసం కనపడి జనం పోగయ్యారు. పోలీసులు సీసీ కెమెరాలు తిరగేస్తే దాన్ని నోట కరుచుకొచ్చింది పిల్లి. ఇది విని నవ్వుకుని వదిలేయకండి. ఆ కెమెరా లేకపోతే ఏమయ్యేదో ఆలోచించండి. అన్నీ పిల్లి చేసిన పనులూ కావు. 2024 అక్టోబరు 14 తెల్లవారుజామున సికింద్రాబాద్ కుమ్మరిగూడలో ముత్యాలమ్మ విగ్రహాన్ని ధ్వంసం చేసింది మనిషే. స్థానికులు అక్కడికక్కడే పట్టుకుని పోలీసులకు అప్పగించారు. దొరికినవాడి మీద కేసు నడవాలి, అంతవరకు న్యాయం. కానీ 19న జరిగిన నిరసన లాఠీచార్జి దాకా వెళ్లింది. చేసినవాడు అప్పటికే పోలీసుల చేతిలో ఉన్నాడు. ఇక ఆ రాళ్లూ లాఠీలూ తగిలింది ఎవరికి?

కాబట్టి అలాంటిది కనపడితే ముట్టుకోకండి, కడగకండి, ఫొటో తీసి గ్రూపులో పెట్టకండి. అక్కడి వస్తువులు కదలకుండా చుట్టూ నాలుగు కుర్చీలో తాడో పెట్టి, జనం కంట పడకుండా గుడ్డ అడ్డం కట్టి 112కి ఫోన్ చేయండి. క్లూస్ టీం వచ్చేదాకా రెండు మతాల పెద్దమనుషులు ఇద్దరిద్దరు అక్కడే నిలబడితే పుకారు సగం చస్తుంది. ఇంకోపని, దీన్ని అందరూ మరిచిపోతారు. చుట్టుపక్కల కెమెరాల రికార్డు దాచమని అదే రోజు రాతపూర్వకంగా అడగండి. చాలా ఇళ్లలో, దుకాణాల్లో డీవీఆర్ (కెమెరా రికార్డయ్యే పెట్టె) నిండగానే పాత రికార్డు మీద కొత్తది ఎక్కేస్తుంది. హార్డ్ డిస్క్ చిన్నదైతే వారం రోజులకే. మీ కాలనీ కెమెరాలు ఎన్ని పనిచేస్తున్నాయో, గడియారం సరైన టైం చూపిస్తోందో ఈ వారమే చూసుకోండి. అరగంట వెనక నడిచే కెమెరా తర్వాత కోర్టులో వాదనకు పనికొస్తుంది, ఎదుటి వకీలుకి.

ఇక ఫిర్యాదు. 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత ఉంది. మతాల మధ్య ద్వేషం రేపితే సెక్షన్ 196, మూడేళ్ల వరకు జైలు. అదే ప్రార్థనా స్థలంలో చేస్తే ఐదేళ్ల వరకు. మత విశ్వాసాలను కావాలని, దురుద్దేశంతో అవమానిస్తే 299. ద్వేషం రేపే ఉద్దేశంతో అబద్ధపు వార్త, పుకారు పుట్టిస్తే 353. ఫోన్‌లో పంపినా వర్తిస్తుంది. ప్రార్థనా స్థలాన్ని పాడుచేస్తే 298. ఇవి రెండువైపులా ఒకేలా పనిచేసే సెక్షన్లు. ద్వేష ప్రసంగం మీద ఎవరూ ఫిర్యాదు ఇవ్వకపోయినా పోలీసులు తమంతట తామే కేసు పెట్టాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. గుంపు దాడులను ఆపడానికి జిల్లాకో నోడల్ అధికారి, అంటే ఆ పనికి బాధ్యుడైన అధికారి, ఉండాలని 2018 జూలైలోనే ఆదేశించింది. వీటిని ఫిర్యాదులో ఒక వాక్యంగా రాయండి, స్టేషన్‌లో మాట తీరు మారుతుంది.

ఫిర్యాదులో మీ అభిప్రాయాలు వద్దు. ఎవరు, ఏ నంబర్ నుంచి, ఏ తేదీన, ఎన్నింటికి, ఏం రాశారు. దాని తర్వాత ఏం జరిగింది. వాళ్ల మాటలను ఉన్నవి ఉన్నట్టు, బూతుతో సహా, కోట్ చేయండి. మర్యాద కోసం మార్చి రాస్తే నేరం బలం తగ్గిపోతుంది. ఇలాంటి సెక్షన్లలో పోలీసులు వెంటనే ఎఫ్‌ఐఆర్ కట్టకుండా, డీఎస్పీ స్థాయి అధికారి, అంటే మన నగరంలో ఏసీపీ, అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసే వీలు కొత్త చట్టంలో ఉంది. మూడేళ్లకు తక్కువ కాకుండా, ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాలకు ఇది వర్తిస్తుంది. కాబట్టి ‘చూస్తాం’ అంటే తప్పించుకుంటున్నారని వెంటనే అనుకోకండి. రశీదు తీసుకుని పదిహేనో రోజు వెళ్లండి. అసలు తీసుకోనేలేదంటే డీసీపీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, అదీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. వేరే స్టేషన్ పరిధి అన్న సాకు చెల్లదు, జీరో ఎఫ్‌ఐఆర్ ఎక్కడైనా కడతారు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం. వీడియో వచ్చిన ఫోన్‌ను అమ్మకండి, ఫార్మాట్ కొట్టకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే కోడ్‌తో) సర్టిఫికెట్ ఇవ్వాలి, దానికి అసలు ఫోన్ కావాలి.

అయితే కోపం తెప్పించిన ప్రతి మాటా నేరం కాదు. మాటను కొలవాల్సింది బలహీనమైన, ప్రతిదానికీ ఉలిక్కిపడే మనసుతో కాదని, నిబ్బరమైన మనిషి కొలతతోనని సుప్రీంకోర్టు 2025 మార్చిలో ఒక కవితకు సంబంధించిన కేసులో చెప్పింది. మొరటు జోకుల మీద, మతాన్ని విమర్శించిన వ్యాసాల మీద ఫిర్యాదులు పెడుతూ పోతే అసలైన రోజున మీ ఫిర్యాదుకు విలువుండదు. ఇంకోమాట. మీ వైపు వాళ్లు చేసిన తప్పు మీద మీరే ముందు నోరు విప్పండి. వెనక బస్తీ వాళ్ల తప్పు మీద మీరు మాట్లాడినప్పుడు దానికి బరువొచ్చేది అలాగే.

పండగ సంగతికి వద్దాం. మన నగరంలో గొడవలు చాలావరకు సిద్ధాంతాల దగ్గర పుట్టవు. ఊరేగింపు ఏ దారిన పోవాలి, ఎన్నింటికి పోవాలి, సౌండ్ ఎంత పెట్టాలి అన్న మూడింటి దగ్గర పుడతాయి. ఈ మూడూ కాగితం మీద తేల్చుకోగలిగేవి. 2023లో నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ రెండూ సెప్టెంబరు 28నే వచ్చాయి. మిలాద్ జులూస్ (ఊరేగింపు) నిర్వాహకులు దాన్ని అక్టోబరు 1కి మార్చుకున్నారు. మరుసటేడు కూడా జులూస్‌ను సెప్టెంబరు 19వ తేదీకి జరిపారు. అంత పెద్ద నగరంలో అన్ని లక్షల మంది రోడ్ల మీదికొచ్చే రెండు పండగలను తేదీ మార్చుకుని సర్దుకోగలిగినప్పుడు మీ గల్లీలో గంట అటూ ఇటూ జరపలేరా?

మండపం కమిటీని, మసీదు కమిటీని, స్టేషన్ నుంచి ఒక ఎస్సైని చవితికి కనీసం రెండు వారాల ముందే కూర్చోబెట్టండి. చవితి ముందురోజు పెట్టే శాంతి సమావేశం ఫొటోల కోసమే. పెద్దలతో పాటు చందాలు వసూలు చేసే కుర్రాళ్లు, డప్పు వాళ్లు, సౌండ్ సిస్టం అద్దెకిచ్చేవాడు కూడా రావాలి. ఊరేగింపు రోజున రోడ్డు మీద ఉండేది వాళ్లే. గల్లీ మ్యాప్ చేత్తో గీసి దారి గుర్తుపెట్టండి. మసీదు ముందునుంచి పోక తప్పదంటే జమాత్ (సామూహిక నమాజు) టైములు రాయించుకోండి. సాయంత్రం నమాజు మగ్రిబ్ సూర్యాస్తమయంతో నడుస్తుంది. సెప్టెంబరు మధ్యలో హైదరాబాద్‌లో అది సాయంత్రం 6:15-6:20 ప్రాంతం, రోజురోజుకూ కొంచెం ముందే వస్తుంది. పోయినేడు టైం పట్టుకుని కూర్చోకండి. సరిగ్గా నిమజ్జనానికి బండి కదిలే వేళ కూడా అదే కాబట్టి ఇబ్బంది. మసీదుకు వంద మీటర్ల ముందు ఒక స్తంభమో దుకాణమో గుర్తు పెట్టి, అక్కడినుంచి దాటేదాకా డప్పు ఆపాలని ఒప్పుకోండి. ‘నెమ్మదిగా వాయించాలి’ అన్న ఒప్పందం ఎప్పుడూ నిలవదు, నెమ్మది అంటే ఎంతో ఎవరికీ తెలీదు. ఆపడమో, ఆపకపోవడమో తేల్చి రాయండి. ఊరేగింపు దాటేదాకా గేటు ముందు కుర్రాళ్లు గుంపుగా నిలబడకుండా చూసే బాధ్యత మసీదు కమిటీ తీసుకోవాలి.

సౌండ్ విషయంలో చట్టం స్పష్టంగానే ఉంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. పండగల కోసం ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా సడలించవచ్చు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరులో నిషేధించారు. మైకు రూలు మండపానికీ మసీదుకీ ఒకటే అని సమావేశంలో గట్టిగా చదివి వినిపించండి. ఒకరికే రూలు అన్న అనుమానం రూలుకన్నా ఎక్కువ చెడుపు చేస్తుంది.

ఊరేగింపుకు ముందు రెండురోజుల్లో దారి పొడవునా నడిచి చూడండి. సగం కట్టిన ఇళ్ల ముందు కంకర, ఇటుక ముక్కలు, ఖాళీ సీసాలు ఉంటే ఎత్తించండి. చాలా గొడవల్లో రాళ్లు ఎవరూ తేరు, అక్కడే పడి ఉంటాయి. మేడల మీద రాళ్ల పోగులు ఉన్నాయేమో ఆ ఇంటివాళ్లకే చెప్పి తీయించండి. వాలంటీర్లకు ఒకే రంగు టీ షర్టు వేయించి, మసీదు వైపు ముఖం పెట్టి కాకుండా తమ జనం వైపు ముఖం పెట్టి నిలబడమనండి. వాళ్ల పని తమవాళ్లను ఆపడం, అవతలివాళ్లను చూడటం కాదు. దారిలో చెప్పో రాయో పడితే బండి ఆపొద్దు. ఆగిన ఊరేగింపు పది నిమిషాల్లో గుంపవుతుంది. దెబ్బ తగిలినవాణ్ణి ఇద్దరు ఆస్పత్రికి తీసుకెళ్లి మెడికో లీగల్ కేసుగా రాయించాలి, మిగతావాళ్లు ముందుకు నడవాలి. శోభాయాత్ర దారిలో కొన్ని మసీదులకు పోలీసులు గుడ్డ కప్పుతారు. ఆ ఒక్క రోజుకు అది సరే గానీ, గుడ్డ కప్పామని కమిటీ సమావేశం ఎగ్గొట్టకూడదు.

సమావేశంతోనే వదిలేయకండి. ఆశుతోష్ వర్ష్‌నే అనే పరిశోధకుడు అల్లర్లు తరచూ జరిగే నగరాలను, జరగని నగరాలను జతలుగా పెట్టి చూశారు. మన హైదరాబాద్‌కు జత లక్నో. ఆయన తేల్చినదాని సారం ఏమిటంటే, ఇరుగుపొరుగు పలకరింపులు, పండక్కి సేమియా ఇచ్చిపుచ్చుకోవడం మంచివే గానీ గట్టి దెబ్బకు తట్టుకోలేవు. వ్యాపారం, సంఘం, పని రెండు మతాలనూ ఒక జమాఖర్చులో కట్టేసినచోట వదంతి పాకదు. లక్నోలో చికన్ కుట్టుపని అలా కట్టేసింది. మీ కాలనీలో చికన్ పని లేదు, కానీ రెండువైపులా కావలసిన పనులున్నాయి. డ్రైనేజీ వెనక బస్తీ మీదుగానే పోతుంది. కెమెరాలకు ఉమ్మడి చందా వేయొచ్చు. ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ కోసం రెండుచోట్లా ఎదురుచూస్తారు. అలాంటి ఒక పనికి ఉమ్మడి కమిటీ వేసి, ఖాతా తెరిచి, ఇద్దరి సంతకంతో డబ్బు తీసేలా పెట్టండి. డబ్బు లెక్క కలిసి చూసేవాళ్లు రాత్రి పూట ఒకరికొకరు ఫోన్ చేసుకోగలుగుతారు.

కూరల బండ్ల గురించి. ఎవరి దగ్గర కొనాలన్నది ఎవరిష్టం వాళ్లది, దాంట్లో చట్టం వేలు పెట్టదు. కానీ మతం పేరు చెప్పి కొనొద్దని పిలుపివ్వడం 196 కిందికి రావచ్చు, బండిని అడ్డుకోవడం ఇంకా ముదురు వ్యవహారం. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్టిఫికెట్ ఉన్నవాణ్ణి అతని చోట వ్యాపారం చేసుకోకుండా ఎవరూ ఆపడానికి లేదు. సంఘం తరఫున మీరు చేయాల్సింది చిన్నది: బండ్లకు టైము, చోటు రూలు ఉంటే అందరికీ ఒకటే అని తీర్మానం రాసి నోటీసు బోర్డులో పెట్టండి. ‘ఆధార్ చూపించాలి’ అన్న షరతు కొందరి కోసమే పెడితే దాన్ని మినిట్స్‌లో ఒప్పుకోకండి, మీ అసమ్మతి రాయించండి. ఆ తర్వాత మీరు రోజూ కొనే బండి దగ్గర మామూలుగా కొనుక్కోండి.

మీ అక్క కొడుకు గురించి చివరికి ఉంచాం, ఎందుకంటే అది నెమ్మదిగా చేయాల్సిన పని. అతనితో మతం గురించి వాదించకండి. ఆ వాదనకు గ్రూపులో అతనికి రోజూ తర్ఫీదు దొరుకుతోంది, మీకు దొరకడం లేదు. ఇంట్లో అందరి ముందు తిట్టకండి, ఫోన్ లాక్కోకండి. అవమానం పొందిన పిల్లవాడు ఆ రాత్రికే ఎవరు మెచ్చుకుంటారో వాళ్ల దగ్గరికి చేరతాడు. ఒంటరిగా ఉన్నప్పుడు ప్రశ్నలు వేయండి. ఆ రాత్రి నిన్ను పిలిచిందెవరు? ఆయన మూలమీదికి వచ్చాడా? ఆయన కొడుకు వచ్చాడా? పోలీసు బండి వచ్చినప్పుడు ఎవరు ముందున్నారు, ఎవరు అప్పటికే లేరు? జవాబులు అతనికే వినపడాలి, మీరు ముగింపు చెప్పొద్దు.

చట్టం మాత్రం సూటిగా చెప్పండి. ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువ మంది ఒక చెడ్డ ఉద్దేశంతో కూడితే చట్టవిరుద్ధ సమూహం. అందులో ఎవరో ఒకరు ఆ ఉద్దేశం కోసం నేరం చేస్తే సెక్షన్ 190 కింద అక్కడ నిలబడిన ప్రతివాడూ దోషే. ‘నేను కొట్టలేదు, చూస్తున్నానంతే’ అన్న మాట అప్పుడు పనికిరాదు. ఐదుగురో ఎక్కువమందో కలిసి కులం, సముదాయం, వ్యక్తిగత విశ్వాసం లాంటి కారణంతో మనిషిని చంపితే 103(2), మరణశిక్ష లేదా యావజ్జీవం. అంతదాకా పోకపోయినా, కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే పాస్‌పోర్ట్‌కు ఆ కోర్టు అనుమతి కావాలి. అమెరికా వీసా దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యావా అని అడుగుతారు. పోలీసు, ప్రభుత్వ ఉద్యోగాల వెరిఫికేషన్ ఫారంలో కేసుల వరుస ఉంటుంది, దాచితే అది వేరే తప్పు. ఇంజినీరింగ్ చదివే హైదరాబాద్ కుర్రాడికి ఈ మూడు వాక్యాలు వంద నీతులకన్నా ఎక్కువ పనిచేస్తాయి.

అతనికి ఖాళీ కూడా మిగల్చకండి. రాత్రి ఏడు నుంచి పదకొండు వరకు మూలమీద గడిచే టైముకు ఇంకేదైనా కావాలి. మండపం ఖర్చుల లెక్క, కెమెరాల పర్యవేక్షణ, నిమజ్జనం వాలంటీర్ల జట్టు, ఏదో ఒకటి బాధ్యతగా అప్పగించండి. అతనికి అక్కడ కావలసింది గుర్తింపే, అది ఇక్కడా దొరుకుతుంది. దొరికినా అతను వెంటనే ఆ గ్రూపు వదలకపోవచ్చు. వదలమని ఒత్తిడి పెట్టకుండా, రాత్రి పిలుపు వచ్చినప్పుడు ముందు మీకు ఫోన్ చేస్తానని మాట తీసుకోండి. అది చాలు ఇప్పటికి.

‘నీకెందుకు’ అన్నవాళ్లకు జవాబు చెప్పాల్సిన పని లేదు గానీ, ఒంటరిగా మాత్రం ఏదీ చేయకండి. ఉత్తరాలన్నీ సంఘం లెటర్‌హెడ్ మీద, అధ్యక్షుడి సంతకంతో పాటు ఇంకో ఇద్దరి సంతకాలతో పోవాలి. స్టేషన్‌కు ముగ్గురికి తక్కువ కాకుండా వెళ్లండి. బెదిరింపు ఫోన్ వస్తే కాల్ వివరాల స్క్రీన్‌షాట్ తీసి ఆ రోజే ఫిర్యాదు చేయండి, ‘చూద్దాంలే’ అని పోగుచేసుకోకండి. న్యాయ సలహాకు డబ్బు ఖర్చు పెట్టనక్కర్లేదు. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా లీగల్ సర్వీసెస్ అథారిటీ ఉచితంగా వకీలును ఇస్తుంది, నంబర్ 15100. బండి దగ్ధమైనా అద్దాలు పగిలినా పరిహారం సంగతి కూడా అక్కడే అడగండి. కాలనీలో బండ్లున్నవాళ్లను తమ ఇన్సూరెన్స్ పాలసీ ఒకసారి తీసి చూసుకోమనండి. థర్డ్ పార్టీ పాలసీ అల్లర్ల నష్టానికి పైసా ఇవ్వదు, సొంత నష్టం కలిపి ఉన్న పాలసీ ఇస్తుంది. దానికీ ఎఫ్‌ఐఆర్ కాపీ అడుగుతారు.

ఈ వారం మొదలుపెట్టాల్సింది మాత్రం ఫోన్ నంబర్లతో. వెనక బస్తీలో ఇద్దరివి, అందులో ఒకరు మసీదు కమిటీలో ఉన్నవాళ్లు, ఇంకొకరు దుకాణం నడిపేవాళ్లయితే మంచిది. స్టేషన్ నుంచి ఇన్‌స్పెక్టర్‌ది, మీ సెక్టార్ ఎస్సైది. మీ వైపునుంచి రాత్రి పదింటికి లేపినా లేచే ముగ్గురివి. కాగితం మీద రాసి రెండువైపులా ఇవ్వండి, సంఘం ఆఫీసు గోడకు ఒకటి అంటించండి.